చిప్‌ల మీద రేడియేషన్ ప్రభావం: ఈ రంగంలో ప్రొఫెసర్ కావాలంటే

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. రాజాంలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఉపగ్రహాల్లో చిప్‌లు రేడియేషన్ వల్ల ఎలా దెబ్బతింటాయో ఒక సెమినార్‌లో విన్నాను. అప్పటినుంచి అదే రంగంలో పరిశోధన చేసి ప్రొఫెసర్ కావాలని ఉంది. ఇది ఫిజిక్స్ వాళ్ళ పనా, మన పనా? ఒంటికి ప్రమాదమా? ఇక్కడినుంచి మొదలుపెట్టడం కుదురుతుందా? నాన్న బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటున్నారు."

అమ్మా, ముందు నీ మొదటి ప్రశ్న తేల్చేస్తాను. ఇది మన పనే. ఈసీఈ, ఈఈఈ వాళ్ళ పనే. రేడియేషన్ గురించి తెలియాల్సింది ఒకటి రెండు సెమిస్టర్లలో నేర్చుకోవచ్చు. ట్రాన్సిస్టర్ గురించి తెలియాల్సింది మాత్రం జీవితమంతా నేర్చుకున్నా మిగిలే ఉంటుంది. నాది బొబ్బిలి ప్రాంతం. ఈఈఈ చదివి, కొన్నాళ్ళు మన జిల్లాలోనే పాఠాలు చెప్పి, ఆ తర్వాత పీహెచ్‌డీకి బయటికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళ పైచిలుకుగా ఈ పనిలోనే ఉన్నాను. ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి పరిశోధకులు ఎవరూ, చిప్ తప్పు చేసినప్పుడు "రేడియేషన్ వల్లే" అని సరిపెట్టుకోలేదు. ఏ ట్రాన్సిస్టర్‌లో, ఏ నోడ్ (సర్క్యూట్‌లో తీగలు కలిసే చోటు) దగ్గర, ఎంత చార్జి చేరితే అలా అయిందో తేలేదాకా వదల్లేదు. ఆ పట్టుదల నీకుంటే మార్కులు, కాలేజీ పేరు తర్వాతి సంగతి.

ఈ రంగం ఎలా మొదలైందో చెప్తే నేనంటున్నది అర్థమవుతుంది. 1962 జులై 9న అమెరికా పసిఫిక్ మహాసముద్రం మీద దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో స్టార్‌ఫిష్ ప్రైమ్ అనే అణు పరీక్ష చేసింది. 1.4 మెగాటన్నుల పేలుడు. మర్నాడే టెల్‌స్టార్ ఉపగ్రహం పైకి వెళ్ళింది. పేలుడులో పుట్టిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని, అది తిరిగే దారిలో పేరుకుపోయి ఉన్నాయి. నవంబరుకల్లా టెల్‌స్టార్ కిందినుంచి పంపే ఆదేశాలు తీసుకోవడం మానేసింది. అప్పుడు బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు అదే రకం సర్క్యూట్లను ల్యాబ్‌లో రేడియేషన్‌కి గురిచేసి, ఆదేశాలను చదివే డీకోడర్‌లో ఏ ట్రాన్సిస్టర్లు దెబ్బతిన్నాయో తేల్చారు. దానికి తగ్గట్టు ఆదేశాల పల్సులు మార్చి పంపి, 1963 జనవరిలో ఉపగ్రహాన్ని మళ్ళీ పనిచేయించారు. ఫిబ్రవరిలో అది పూర్తిగా ఆగిపోయింది, అది వేరే సంగతి. వేల కిలోమీటర్ల దూరంలో, చేతికందని ట్రాన్సిస్టర్‌కి ఏమైందో బల్ల మీద కూర్చుని తేల్చారు చూడు, ఈ ఉద్యోగమంటే అదే. ఈ రంగం వాళ్ళంతా ఏటా కలుసుకునే ఎన్‌ఎస్‌రెక్ అనే ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంఘం) సదస్సు 1964లో మొదలైంది.

రేడియేషన్ అనగానే మనవైపు అందరికీ అణు విద్యుత్ కేంద్రం పెడతామన్న కొవ్వాడ గుర్తొస్తుంది. నాకైతే కళింగపట్నం ఇసుక గుర్తొస్తుంది. 1978లో ఇంటెల్‌లో టిమోతీ మే, మర్రే వుడ్స్ అనే ఇద్దరు ఒక చిక్కుముడి విప్పారు. మెమరీ చిప్‌లలో ఉన్నట్టుండి ఒక బిట్ సున్నా నుంచి ఒకటికో, ఒకటి నుంచి సున్నాకో మారిపోయేది. చిప్ పాడయ్యేది కాదు, మళ్ళీ రాస్తే మామూలుగానే పనిచేసేది. చివరికి తేలిందేమిటంటే, చిప్ చుట్టూ ఉండే ప్యాకేజీ పదార్థంలోనే అతి స్వల్పంగా యురేనియం, థోరియం ఉన్నాయి. వాటినుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను తిరగేస్తున్నాయి. అదే థోరియం భావనపాడు నుంచి భీమిలి దాకా మన తీరం ఇసుకలో ఉంది. ఇసుకలో నల్లగా మెరిసేది చాలావరకు ఇల్మనైట్. దాని మధ్య తేనెరంగులో కనిపించే సన్నటి గింజలు మొనజైట్. మన దేశపు మొనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. ఒక ఆల్ఫా కణం ఏం చేయగలదో కాగితం మీద లెక్క వేసి చూడు. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్-హోల్ జత పుట్టడానికి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆల్ఫా కణం 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులతో వచ్చి లోపలే ఆగిపోతే దాదాపు 14 లక్షల జతలు పుడతాయి. అంటే 220 ఫెమ్టోకూలంబుల (చార్జిని కొలిచే అతి చిన్న ప్రమాణం) చార్జి. ఇవాళ్టి చిన్న ఎస్‌ర్యామ్ సెల్‌లో, అంటే మెమరీలో ఒక్క బిట్ దాచే గడిలో, బిట్ తిరగబడడానికి ఒకటి రెండు ఫెమ్టోకూలంబులు చాలు. ఆ 220లో చిన్న ముక్క నోడ్‌కి చేరినా పని అయిపోతుంది.

ఈఈఈ చదివేవాళ్ళు ఇది తమకు సంబంధం లేనిదనుకుంటారు. వాళ్ళ కోసం ఇంకొకటి చెప్పాలి. 1990ల మొదట్లో యూరప్‌లో రైలింజన్లలో వాడే హై వోల్టేజీ పవర్ డివైజ్‌లు ఏ హెచ్చరికా లేకుండా కాలిపోతుండేవి. ఓవర్ లోడ్ లేదు, వేడి లేదు, తయారీలో లోపం లేదు. వాటినే పట్టుకెళ్ళి ఉప్పు గనిలో, భూమి లోపల పెట్టి అదే వోల్టేజీతో పరీక్షిస్తే ఒక్కటీ పోలేదు. పైకి తెచ్చి పెడితే మళ్ళీ పోవడం మొదలైంది. ఆకాశంనుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొని పుట్టించే న్యూట్రాన్లు సిలికాన్‌ని తాకితే, ఆ చోట విద్యుత్ క్షేత్రం ఎక్కువగా ఉంటే, మెరుపులా కరెంటు దారి చేసుకుంటుంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ న్యూట్రాన్లు ఎక్కువవుతాయి. మన కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైను శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ ఎత్తులో న్యూట్రాన్లు సముద్ర మట్టం మీదకంటే సుమారు రెట్టింపు. అయితే మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి అయస్కాంత క్షేత్రం కాస్మిక్ కిరణాలను చాలావరకు పక్కకు తోసేస్తుంది. ఉత్తరాన న్యూయార్క్ లాంటి చోట్ల పడేదానికంటే మన దగ్గర తక్కువే పడతాయి. సిలికాన్ కార్బైడ్ డివైజ్‌లు ఎలక్ట్రిక్ కార్లలోకి వచ్చాక ఈ సమస్య మీద పని మళ్ళీ ఊపందుకుంది. పవర్ ఎలక్ట్రానిక్స్ ఇష్టమైన పిల్లలకి ఇక్కడ చోటుంది.

రేడియేషన్ చిప్‌ని దెబ్బతీసే తీరులు వేరువేరు. దేన్ని ఎంచుకుంటావన్న దాన్ని బట్టి నీ జీవితం ఎలా గడుస్తుందో కూడా మారుతుంది. మొదటిది టోటల్ డోస్. గేట్ ఆక్సైడ్‌లో (ట్రాన్సిస్టర్ గేట్ కింద ఉండే పల్చటి ఇన్సులేటర్ పొర), ట్రాన్సిస్టర్ల మధ్య ఉండే మందపాటి ఆక్సైడ్‌లో పాజిటివ్ చార్జి మెల్లగా చిక్కుకుపోతుంది. మట్టిగోడకి చెమ్మ ఎక్కినట్టు పైకి కొంతకాలం ఏమీ తెలియదు. ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉండాల్సినప్పుడు కూడా కరెంటు లీక్ అవడం మొదలవుతుంది, చిప్ తాగే కరెంటు పెరుగుతూ పోతుంది, ఒకరోజు ఆగిపోతుంది. మామూలు బజారు చిప్‌లు చాలావరకు 5 వేల నుంచి 20 వేల రాడ్‌ల (లోపల ఇంకిన రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం) మధ్య చేతులెత్తేస్తాయి. మనిషికి ఒంటి నిండా ఒకేసారి 400, 500 రాడ్‌లు తగిలితే చాలు, ప్రాణం మీదికి వస్తుంది, దాన్నిబట్టి ఊహించుకో. గురుగ్రహానికి వెళ్ళిన జూనో వ్యోమనౌకలో ఎలక్ట్రానిక్స్‌ని సెంటీమీటరు మందం టైటానియం గోడలున్న పెట్టెలో పెట్టారు. రెండోది డిస్‌ప్లేస్‌మెంట్ డ్యామేజ్. కణాలు స్ఫటికంలోని పరమాణువులను చోటునుంచి కదిపేస్తాయి. సోలార్ సెల్స్, ఆప్టోకప్లర్లు, కెమెరా సెన్సర్లు దీనికి ఎక్కువ బలవుతాయి. ఇక సింగిల్ ఈవెంట్ అంటే ఒకే ఒక్క కణం చేసే పని. పైన చెప్పిన బిట్ తిరగబడడం అందులో మెత్తని రకం. గట్టి రకం లాచప్. సీమాస్‌లో (ఇవాళ్టి చిప్‌లు ఎక్కువగా తయారయ్యే పద్ధతి) ఎన్, పీ పొరలు ఒకదాని పక్కన ఒకటి ఉండడం వల్ల మనకు అక్కర్లేని ఒక థైరిస్టర్ లోపల దాగి ఉంటుంది. కణం దాన్ని ఆన్ చేస్తే పవర్ తీసేదాకా ఆఫ్ కాదు. సమయానికి తీయకపోతే చిప్ కాలిపోతుంది.

పని ఎలా ఉంటుందో దగ్గరనుంచి చూపించాలంటే బీమ్ రాత్రి గురించి, అంటే చిప్ మీద కణాల ధార వదిలి పరీక్షించే రాత్రి గురించి చెప్పాలి. ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ అని యూజీసీ విశ్వవిద్యాలయాల కోసం పెట్టిన సంస్థ ఉంది. అక్కడి పెల్లెట్రాన్ యంత్రం ఆక్సిజన్, సిలికాన్, నికెల్, వెండి లాంటి పరమాణువులను అయాన్లుగా మార్చి వేగంగా తోస్తుంది. ఈ అయాన్లు సిలికాన్‌లోకి కొన్ని పదుల మైక్రోమీటర్లు మాత్రమే పోగలవు. చిప్ మీద నల్లటి ప్లాస్టిక్ ఉంటే అందులోనే ఆగిపోతాయి. అందుకని ముందే పొగలు కక్కే నైట్రిక్ యాసిడ్‌తో ఆ ప్లాస్టిక్‌ని కరిగించి, లోపలి సిలికాన్ ముక్క పైకి కనబడేలా చేసుకోవాలి. లోపలి సన్నటి బంగారు తీగలు తెగకూడదు. దీనికి ఎంత చదివినా సరిపోదు, చేయి కుదరాలి. మా దగ్గర ఈ పని అందరికంటే బాగా చేసింది వీరఘట్టం నుంచి వచ్చిన ఒక కుర్రాడు. చిప్‌ని వ్యాక్యూమ్ ఛాంబర్‌లో బిగించి, కేబుళ్ళు బయటికి తీసి, మెమరీలో ఒకటి, సున్నా, ఒకటి, సున్నా అని రాసి, బీమ్ వదిలి, మళ్ళీ చదివి ఎన్ని మారాయో లెక్కపెడతాం. చదరపు సెంటీమీటరుకు కోటి అయాన్లు పడితే 500 బిట్లు తిరగబడ్డాయనుకో, 500ని కోటితో భాగిస్తే వచ్చేదే క్రాస్ సెక్షన్. ఇంకా బరువైన అయాన్‌తో మళ్ళీ చేస్తాం. అలా గీసిన గ్రాఫ్‌నుంచే ఉపగ్రహంలో ఆ చిప్ రోజుకి ఎన్ని తప్పులు చేస్తుందో అంచనా కడతాం.

ఒక రాత్రి నికెల్ నుంచి వెండికి మారాక ఆ కుర్రాడు "సార్, కరెంటు ఎగిసిపోనాది!" అని అరిచాడు. పవర్ సప్లై మీద 40 మిల్లీయాంపియర్లు ఉండాల్సింది లిమిట్‌ని తాకి నిలబడిపోయింది. లాచప్. లిమిట్ ముందే పెట్టుకున్నాం కాబట్టి చిప్ బతికింది. పవర్ తీసి మళ్ళీ ఇచ్చాం, కరెంటు మామూలు స్థాయికి వచ్చింది. నాకు నచ్చింది ఆ తర్వాత వాడు చేసింది. ఎవరూ చెప్పకుండానే బీమ్ ఆపించి, అదే సెటప్‌ని అరగంట ఊరికే నడిపించాడు. పొడుగాటి కేబుళ్ళ మీద నాయిస్ వచ్చినా తప్పులు కనబడతాయి, వదులు కనెక్టర్ ఉన్నా కరెంటు ఎగురుతుంది. బీమ్ లేనప్పుడు సున్నా తప్పులు వస్తేనే, ఉన్నప్పుడు వచ్చినవాటికి విలువ. మన టైమ్ నడుస్తోంది, బయట ఇంకో టీమ్ కాచుకుని ఉంది, అందరికీ టెన్షన్. ఆ టెన్షన్‌లో కూడా అరగంట బీమ్ వదులుకుని చూసుకున్నవాడే ఈ రంగంలో నిలబడతాడని నా నమ్మకం. వాడు ఇప్పుడు మంచి చోట చిప్ డిజైన్ చేస్తున్నాడు.

ఓపిక అంటే ఏమిటో ఇంకో లెక్కలో చెప్తాను. గామా కిరణాలతో టోటల్ డోస్ పరీక్ష మామూలుగా కోబాల్ట్-60 ముందు గంటల్లో అయిపోతుంది. 1991లో తేలిందేమిటంటే, కొన్ని బైపోలార్ చిప్‌లు, అంటే ఆప్ ఆంప్‌లు, వోల్టేజీ రెగ్యులేటర్ల లాంటివి, అదే డోస్ నెమ్మదిగా తగిలితే ఎక్కువ దెబ్బతింటాయి. అంతరిక్షంలో తగిలేది నెమ్మదిగానే. గంటల్లో పరీక్ష చేసి పాసైందని పంపిస్తే పైన ఫెయిలవుతుంది. అందుకని సెకనుకు 0.01 రాడ్ చొప్పున పరీక్షించాలి. 50 వేల రాడ్‌లు కావాలంటే 50 లక్షల సెకన్లు, సుమారు 58 రోజులు. మధ్యలో కరెంటు పోకూడదు, బయాస్ వోల్టేజీ మారకూడదు, తీసి కొలిచే టైమ్ తప్పకూడదు. పీహెచ్‌డీ చేసే అమ్మాయో అబ్బాయో ఆ రెండు నెలలు పండక్కి ఇంటికెళ్ళాలన్నా ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళాలి. ఇలాంటి పని విసుగనిపిస్తే సింగిల్ ఈవెంట్ వైపో, డిజైన్ వైపో వెళ్ళు, తప్పులేదు.

"కాస్మిక్ కిరణం వల్ల" అనే మాట పత్రికల్లో చాలా తేలిగ్గా వాడతారు. 2003లో బెల్జియంలో స్కార్‌బెక్ అనే చోట ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువొచ్చాయి. 4096 అంటే రెండుకి పన్నెండో ఘాతం, కాబట్టి ఒక్క బిట్ తిరగబడి ఉంటుందన్నారు. బాగా సరిపోయే వివరణే గానీ ఆ బిట్‌ని ఏది తిప్పిందో ఎవరూ చూడలేదు. 2008 అక్టోబరు 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న క్వాంటాస్ ఎయిర్‌బస్ ఎ330 గాల్లో ఉన్నట్టుండి రెండుసార్లు ముక్కు కిందికి వంచింది, వందమందికి పైగా గాయపడ్డారు. ఒక కంప్యూటర్ యూనిట్ తప్పుడు డేటా పంపిందని తేలింది. కణం తగిలి ఉండొచ్చని ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ పరిశీలించి, అవునని చెప్పడానికి ఆధారం చాలదని రాసింది. మూడేళ్ళు వెతికి "చాలదు" అని రాయడానికి ధైర్యం కావాలి. నా క్లాసులో పిల్లలకి ఈ రిపోర్టు సంగతి ప్రతి ఏడూ చెప్తాను.

ఇక ప్రొఫెసర్ జీవితం. బయటినుంచి చూస్తే ల్యాబ్, పేపర్లు, విదేశాల్లో సదస్సులు. లోపల ఎక్కువ భాగం రాతపని, మనుషులతో పని. ప్రాజెక్టు ప్రపోజల్ రాయాలి, డబ్బు తేవాలి, పరికరం కొనడానికి టెండర్ పిలవాలి, ఆడిట్‌కి జవాబు చెప్పాలి. బీమ్ టైమ్ అడగడానికి కూడా ప్రపోజలే, ఇస్తారని గ్యారంటీ లేదు. వారంలో నెట్‌వర్క్స్, డివైజ్‌ల పాఠాలు, మిడ్ పరీక్షల పేపర్లు ఎలాగూ ఉంటాయి. పాఠాలు చెప్పడం పరిశోధనకి అడ్డం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. రెండో సంవత్సరం పిల్లలకి పీఎన్ జంక్షన్ చెప్పేటప్పుడు, డిప్లీషన్ రీజియన్‌లోకి ఒక అయాన్ దూరితే ఏమవుతుందని అడిగి చూడు. వాళ్ళ ప్రశ్నల్లోంచి నాకు మంచి పరిశోధన అంశాలు దొరికాయి. ఒక విద్యార్థిని చేర్చుకుంటే నాలుగైదేళ్ళు వాళ్ళ బాధ్యత మనది. ప్రయోగం ఫెయిలైన నెలల్లో వాళ్ళకి ధైర్యం చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. ప్రపంచంలో ఈ రంగంలో విశ్వవిద్యాలయ బృందాల్లో పెద్దది అమెరికాలోని వాండర్‌బిల్ట్. అంత పెద్ద బృందంలో కూడా ఒకరు ఆక్సైడ్ చూస్తారు, ఒకరు సర్క్యూట్, ఒకరు సాఫ్ట్‌వేర్. ఒక్కరే అన్నీ చేసే రంగం కాదిది. ఫిజిక్స్ వాళ్ళతో, ఉపగ్రహాలు కట్టేవాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడడం నేర్చుకోవాలి.

దారి విషయానికొస్తే, గేట్ పరీక్ష రాసి వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) లేదా మైక్రోఎలక్ట్రానిక్స్‌లో ఎంటెక్ చేయడం, లేదా ఐఐటీలోనో ఐఐఎస్సీలోనో నేరుగా పీహెచ్‌డీలో చేరడం. చేరేముందు సంస్థ పేరుకంటే గైడ్ ఎవరో చూడు. ఆయన లేదా ఆమె పేపర్లలో డివైజ్‌లను నిజంగా కొలిచి రాసినవి ఎన్ని, ఊరికే సిమ్యులేషన్‌లు ఎన్ని అని చూడు. పాత విద్యార్థులకి ఫోన్ చేసి అడుగు. మన దేశంలో పని లేకపోలేదు. మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీ 180 నానోమీటర్ల సీమాస్‌లో చిప్‌లు చేస్తుంది. ఇస్రోతో కలిసి చేసిన విక్రమ్ 3201 అనే 32 బిట్ ప్రాసెసర్ అక్కడిదే, 2025లో ఇస్రో చేతికి అందింది. ఇస్రో వాళ్ళ రెస్పాండ్ పథకం కింద కాలేజీ అధ్యాపకులకి ప్రాజెక్టులు ఇస్తారు. యాక్సిలరేటర్లు ఢిల్లీతోపాటు ముంబై, కోల్‌కతాల్లోనూ ఉన్నాయి. మన పక్కన హైదరాబాద్‌లోనే స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి ప్రైవేటు సంస్థలు వచ్చాయి. ఉపగ్రహాల్లో ఖరీదైన స్పేస్ గ్రేడ్ చిప్‌ల బదులు బజారు చిప్‌లు వాడాలనుకునేకొద్దీ, ఏది ఎంత తట్టుకుంటుందో చెప్పగల మనుషుల అవసరం పెరుగుతుంది.

విదేశాలకి వెళ్ళాలనుకుంటే ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. రేడియేషన్‌ని తట్టుకునే చిప్‌ల మీద అమెరికాలో ఎగుమతి నియంత్రణ చట్టాలున్నాయి. రక్షణ శాఖ డబ్బుతో నడిచే కొన్ని ప్రాజెక్టుల్లోకి ఆ దేశ పౌరులు, గ్రీన్ కార్డున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళని రానివ్వరు. అది నీ తెలివికి సంబంధించింది కాదు, బాధపడక్కర్లేదు. ఫలితాలు బయట ప్రచురించే మౌలిక పరిశోధనకి అడ్డంకి లేదు. అడ్మిషన్ ఒప్పుకునేముందే ఆ ప్రొఫెసర్‌ని "నేను పనిచేయగల ప్రాజెక్టు ఏది?" అని సూటిగా అడుగు. యూరప్‌లో ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియంలలో మంచి బృందాలున్నాయి. సెర్న్‌లో (యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల) కూడా డిటెక్టర్ల కోసం ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది.

ఒంటికి ప్రమాదమా అని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే, మీ అమ్మగారికి కూడా ఇది చదివి వినిపించు. బీమ్ నడిచేటప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండరు. తలుపు తీస్తే బీమ్ దానంతటదే ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఉంటుంది. కోబాల్ట్ గామా ఛాంబర్‌లో సోర్స్ మందపాటి సీసం మధ్య ఉంటుంది, మన శాంపిల్‌ని చిన్న డ్రాయర్‌లాంటి దాన్లో పెడితే అది లోపలికి వెళ్ళి వస్తుంది. పనిచేసేవాళ్ళ ఛాతీ మీద తగిలిన రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, దాని లెక్క క్రమం తప్పకుండా చూస్తారు. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భిణి అని తెలియజేశాక కడుపులో బిడ్డకి మిగతా నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ మించకూడదు. ఆ టైమ్‌లో బీమ్ పనికి వెళ్ళకుండా డేటా, సిమ్యులేషన్ చూసుకున్న ఆడపిల్లలు మా దగ్గర ఉన్నారు. ఎవరి పీహెచ్‌డీ ఆగలేదు. నిజంగా నేను భయపడి జాగ్రత్త చెప్పేది చిప్ తెరిచే యాసిడ్ గురించి. ఫ్యూమ్ హుడ్, కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా దాని దగ్గరికి ఎవరినీ రానివ్వను.

మీ నాన్నగారి మాట కొట్టిపారేయొద్దు. ఇంట్లో డబ్బు ఎప్పుడు రావడం మొదలవ్వాలో ఆయనకి తెలిసినంత నీకు తెలియదు. ఆయన ముందు కూర్చుని అంకెలు పెట్టు. ప్రాజెక్టుల్లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. అంటే పీహెచ్‌డీ చేస్తూ ఇంటికి భారం కాకుండా ఉండొచ్చు, కొద్దిగా పంపొచ్చు కూడా. తర్వాత యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది, ప్రొఫెసర్‌కి 1,44,200. ప్రైవేటు కాలేజీల్లో అన్నిచోట్లా ఇంత ఇవ్వరు. శాశ్వత పోస్టులు ఎప్పుడు పడితే అప్పుడు పడవు, పీహెచ్‌డీ అయ్యాక రెండు మూడేళ్ళు పోస్ట్‌డాక్‌గానో తాత్కాలికంగానో గడవొచ్చు. ఇది దాచకుండా చెప్పు. అయితే ప్రొఫెసర్ పోస్టు దొరక్కపోయినా ఈ చదువు వృథా కాదు. చిప్ కంపెనీల్లో రిలయబిలిటీ విభాగాలు, కార్లలో వాడే ఎలక్ట్రానిక్స్ భద్రత చూసేవాళ్ళు, మెడికల్ పరికరాల వాళ్ళు అందరికీ సాఫ్ట్ ఎర్రర్ (చిప్ పాడవకుండా బిట్ మాత్రం తిరగబడడం) తెలిసిన మనిషి కావాలి. గేట్‌కి చదివిన గణితం బ్యాంకు పరీక్షకీ కొంత పనికొస్తుంది కాబట్టి ఈ ఏడాది గేట్‌కి చదువుతానని, బ్యాంకు కోచింగ్ సంగతి వచ్చే ఏడాది చూద్దామని ఆయనతో గడువు మాట్లాడుకో.

రాజాంలో హాస్టల్ గదిలో కూర్చుని ఇప్పుడు ఏం చేయొచ్చంటావా, చాలా చేయొచ్చు. సర్క్యూట్లను కంప్యూటర్‌లోనే నడిపి చూసే ఎన్‌జీస్పైస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఆరు ట్రాన్సిస్టర్ల ఎస్‌ర్యామ్ సెల్ గీయి. బిట్ నిలబెట్టుకుందని చూసుకున్నాక, ఆఫ్‌లో ఉన్న ఎన్‌మాస్ డ్రెయిన్ దగ్గర ఒక కరెంటు పల్స్ పెట్టు. కొన్ని పికోసెకన్లలో పెరిగి, 150, 200 పికోసెకన్లలో తగ్గే డబుల్ ఎక్స్‌పొనెన్షియల్ పల్స్. దాని ఎత్తు కొద్దికొద్దిగా పెంచుతూ పో. ఒకచోట బిట్ తిరగబడుతుంది. ఆ పల్స్ కింద వైశాల్యమే క్రిటికల్ చార్జ్. సప్లై వోల్టేజీ తగ్గిస్తే అది ఎలా మారుతుందో, వేడి పెరిగితే ఎలా మారుతుందో గ్రాఫ్ గీయి. తర్వాత 1996లో వచ్చిన డైస్ అనే పన్నెండు ట్రాన్సిస్టర్ల సెల్ గీసి, ఒక నోడ్ మీద కొడితే అది ఎందుకు తిరగబడదో, రెండు నోడ్‌ల మీద ఒకేసారి కొడితే ఏమవుతుందో చూడు. ఇంత చేస్తే నీ బీటెక్ ప్రాజెక్టుకి సరిపోతుంది, ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడొచ్చు. ఎస్‌ఆర్‌ఐఎం, జియాంట్4 కూడా ఉచితమే, సిలికాన్‌లో ఏ అయాన్ ఎంత లోతుకు వెళ్తుందో వాటితో చూసుకోవచ్చు. కేంద్రం చిప్స్ టు స్టార్టప్ పథకం కింద కొన్ని కాలేజీలకి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇస్తోంది, మీ కాలేజీకి వచ్చిందేమో మీ హెచ్‌ఓడీ గారిని అడుగు. కాలేజీలో ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) బోర్డు ఉంటే ఇంకా మంచిది. అందులో చిన్న ప్రాసెసర్ పెట్టి, రిజిస్టర్లలో కావాలని బిట్లు తిప్పి, ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తప్పు జవాబిచ్చింది, ఎన్నిసార్లు బిగుసుకుపోయింది, ఎన్నిసార్లు ఏమీ కానట్టు నడిచింది లెక్కపెట్టు. బీమ్ లేకుండానే పరిశోధకులు రోజూ చేసే పని ఇది.

ముందు ఎస్‌ర్యామ్ సెల్‌తో మొదలుపెట్టు. ఏ మోడల్ ఫైలు వాడావో, క్రిటికల్ చార్జ్ ఎంత వచ్చిందో, పల్స్ వెడల్పు మారిస్తే ఆ అంకె మారిందో లేదో ఇక్కడే కింద రాయి. ఆ అంకె మారుతుంది. ఎందుకు మారిందని నువ్వనుకుంటున్నావో కూడా రాయి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.